రెండు నింజాలు, ఒక కుడిచెయ్యి: ఒక కేస్ స్టడీ

2025 జూన్ చివర్లో, వాన పడి ఆగిన ఒక శనివారం సాయంత్రం, నా గ్యారేజీ ముందు ఒక కేటీఎం ఆర్‌సీ 390 ఆగింది. తెలిసిన బండే. నాలుగేళ్లుగా దాని సర్వీసు నా దగ్గరే. ఓనరు హెల్మెట్ తీయకుండానే ఫోన్ నా చేతిలో పెట్టాడు. అందులో వెయ్యి సీసీ కవాసాకి నింజా, ఆకుపచ్చ జెడ్‌ఎక్స్ 10ఆర్ ఫోటో.

"అన్నా, 2019 మోడల్. తొమ్మిది వేలే తిరిగింది. కొత్త 636 ఆన్‌రోడ్ ధర కంటే మూడు లక్షలు తక్కువకి వస్తోంది. ఇంక ఆలోచించడానికేముంది?"

636 అంటే దాని తమ్ముడి లాంటి 636 సీసీ నింజా, జెడ్‌ఎక్స్ 6ఆర్. ఆలోచించడానికి రెండు నెలల పైనే పట్టింది. అప్పుడూ ఆ తరవాతా ఏం చూశాం, ఏం కొలిచాం, నేను ఎక్కడ తప్పు చేశాను అనేదే ఈ కేసు. పేరు రాయకపోతే మిగతాదంతా రాసుకోమన్నాడు కాబట్టి అతన్ని "తమ్ముడు" అనే రాస్తాను. గ్యారేజీలో కూడా అలాగే పిలుస్తాను.

నా సంగతి రెండు మాటల్లో: సికింద్రాబాద్ వైపు చిన్న గ్యారేజీ, ఎక్కువగా పెద్ద బండ్ల పని. ఏడాదికి మూడు నాలుగుసార్లు కుర్రాళ్లను చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్లి నేర్పిస్తాను. బండి అమ్మను, కమీషన్ తీసుకోను. అందుకే ఈ ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంది.

తమ్ముడికి ముప్ఫై ఒకటేళ్లు. ఐదడుగుల ఏడంగుళాలు, అరవై ఆరు కిలోలు. ఇల్లు మియాపూర్, ఆఫీసు గచ్చిబౌలి. ఆఫీసుకి స్కూటర్ మీదే వెళ్తాడు. ఆర్‌సీని ఆదివారాలు, సెలవులు చూసుకుని తీస్తాడు. అనంతగిరి, నాగార్జునసాగర్ రోడ్డు, ఏడాదికి రెండుసార్లు శ్రీశైలం ఘాట్. ట్రాక్‌కి ఒక్కసారి వచ్చాడు. నాలుగేళ్లలో 31 వేల కిలోమీటర్లు. పెద్ద దెబ్బలేమీ లేవు, మట్టిలో జారి ఒకసారి పక్కకి వాలాడంతే. బడ్జెట్ హెల్మెట్, సూట్, ఇన్సూరెన్స్ అన్నీ కలుపుకుని పదిహేను లక్షలు. ఆ అంకె దాటితే ఇంట్లో మాట రాదు.

కాగితం మీద

ఈ రెండు బండ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే నిర్ణయం తేలిక అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే.

కొత్త జెడ్‌ఎక్స్ 6ఆర్: 636 సీసీ, నాలుగు సిలిండర్లు, ర్యామ్ ఎయిర్‌తో (స్పీడులో ఎదురుగాలిని ఇంజిన్లోకి తోసే ఏర్పాటు) 129 పీఎస్, అంటే ఇంచుమించు అన్ని గుర్రాల పవర్, 69 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), 198 కిలోలు. 2019 జెడ్‌ఎక్స్ 10ఆర్: 998 సీసీ, ర్యామ్ ఎయిర్ లేకుండానే 203 పీఎస్, దానితో కలిపితే 213, టార్క్ 115కి దగ్గర, 206 కిలోలు. ఎనిమిది కిలోల తేడాకి ఎనభై పైచిలుకు గుర్రాలు ఎక్కువ. సీటు ఎత్తు రెంటిదీ ఇంచుమించు ఒకటే, ట్యాంకు రెంటికీ 17 లీటర్లే. మన దేశంలో 350 సీసీ దాటిన బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2025లో ఏడాదికి 2,804 రూపాయలు. అది 636 అయినా వెయ్యి సీసీ అయినా ఒక్కటే.

ఇంకో మాట చాలామంది గమనించరు. ఎలక్ట్రానిక్స్‌లో పాత లీటర్ బండే, అంటే వెయ్యి సీసీదే, ముందుంది. 10ఆర్‌లో 2016 నుంచే ఐఎంయూ అనే సెన్సర్ ఉంది. అంటే బండి ఎంత వంగింది, ముందు చక్రం ఎంత లేస్తోంది అనేది కంప్యూటర్‌కి తెలుసు. కొత్త 6ఆర్‌లో అది లేదు. వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, ఏబీఎస్ ఉంది, కానీ వంపులో ఉన్న సంగతి వాటికి తెలియదు. తమ్ముడు ఈ పాయింట్ పట్టుకున్నాడు. "సేఫ్టీ కూడా లీటర్‌లోనే ఎక్కువ కదన్నా." వాదనలో తప్పులేదు. నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

లీటర్ బండి మీద మా ఫీల్డులో తిరిగే భయాల్లో సగం ఉత్తవే. సిటీలో నడపలేం అంటారు. నిజానికి ట్రాఫిక్‌లో వెయ్యి సీసీ ఇంజినే సాఫీగా పోతుంది. మూడు వేల ఆర్‌పీఎంలో కూడా లాగుతుంది. 636కి అక్కడ ప్రాణం ఉండదు, ఎనిమిది వేలు దాటితే గానీ లేవదు. హైవే మీద వందలో వెళ్తుంటే ఆరో గేర్లో 6ఆర్ ఆరు వేల ఆర్‌పీఎంకి దగ్గరగా తిరుగుతుంది. 10ఆర్ నాలుగు వేలకి కాస్త అటూ ఇటూ. లారీని దాటాలంటే 6ఆర్ మీద రెండు గేర్లు కిందికి దించాలి. వేడి మాత్రం రెంటికీ ఉంది. మే నెల మధ్యాహ్నం కూకట్‌పల్లి సిగ్నల్లో ఏ బండి మీద కూర్చున్నా తొడలు కాలాల్సిందే.

ఇంకో అబద్ధం ఇటువైపు తిరుగుతుంది: సిక్స్ హండ్రెడ్, అంటే 636 లాంటి ఆరొందల సీసీ తరగతి, నేర్చుకునేవాళ్ల బండి అని. 129 పీఎస్ బండి నేర్చుకునే బండి ఎలా అవుతుంది? వరల్డ్ సూపర్‌స్పోర్ట్ రేసులు ఏళ్ల తరబడి నడిచింది ఈ తరగతి మీదే. యూరప్‌లో కుర్రవాడు ఇలాంటి బండి ఎక్కాలంటే ముందు 35 కిలోవాట్ల లోపు ఏ2 లైసెన్సు మెట్టు ఎక్కాలి. మన దగ్గర ఆ మెట్టు లేదు. పద్దెనిమిదేళ్లు నిండి, గేర్ల బండి లైసెన్సు జేబులో ఉంటే స్ప్లెండర్ అయినా హయబూసా అయినా ఒకటే. నిన్నటిదాకా 150 సీసీ నడిపినవాడు వస్తే ఈ రెంటిలో ఏదీ చెప్పను. నింజా 650 గానీ, ఏప్రిలియా ఆర్‌ఎస్ 457 గానీ చూసుకోమంటాను.

కాబట్టి కాగితం మీద తమ్ముడి వాదనే గట్టిది. ధర తక్కువ, పవర్ ఎక్కువ, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. దాన్ని కాదనాలంటే నా దగ్గర అభిప్రాయం ఉంటే చాలదు, ఆధారం ఉండాలి.

లాగర్ చెప్పింది

"నువ్వు ఆర్‌సీ మీద ఎలా నడుపుతున్నావో ముందు చూద్దాం" అని బండికి ఒక చిన్న లాగర్ కట్టాను. యాక్సిలరేటర్ ఎంత తిప్పాడో డయాగ్నస్టిక్ పోర్టు నుంచి తీసుకుంటుంది. స్పీడు జీపీఎస్ నుంచి. బ్రేకు లైటు వైరుకి ఒక తీగ కలిపితే బ్రేకు ఎప్పుడు పట్టాడో తెలుస్తుంది. జూలైలో నాలుగు ఆదివారాలు అది కట్టుకునే తిరిగాడు.

నేను వెతికింది టాప్ స్పీడు కాదు. దాని గురించి అడగను కూడా. చూసింది రెండు విషయాలు. 43 పీఎస్ బండిని పూర్తిగా తిప్పి ఎంతసేపు ఉంచుతున్నాడు? యాక్సిలరేటర్ వదిలాక బ్రేకు పట్టేదాకా ఎంత ఖాళీ వస్తోంది?

మొదటిదానికి జవాబు: అనంతగిరి వెళ్లి వచ్చిన రెండున్నర గంటల ప్రయాణంలో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఉంచింది మొత్తం మూడు నిమిషాలు కూడా లేదు. అదీ తిన్నని రోడ్డు మీదే. మలుపు దాటి బయటికి వచ్చేటప్పుడు, బండిని నిజంగా నడిపించాల్సిన చోట, సగానికి మించి ఎప్పుడూ తెరవలేదు.

రెండోది ఇంకా ముఖ్యం. మలుపు కనబడగానే కుడిచెయ్యి మూసేస్తున్నాడు. ఆ తరవాత ఒకటిన్నర సెకను ఏమీ చెయ్యడు. యాక్సిలరేటర్ లేదు, బ్రేకు లేదు, బండి దానంతట అది దొర్లుతూ ఉంటుంది. ఆ తరవాత బ్రేకు. మళ్లీ బ్రేకు వదిలాక ఇంకో సెకను ఖాళీ. ఇది భయం కాదు, చేతగానితనమూ కాదు. కళ్లు మలుపుని చదవడానికి తీసుకునే సమయం. నూటికి ఎనభై మంది ఇలాగే నడుపుతారు. నేనూ మొదట్లో ఇలాగే నడిపాను.

ఆర్‌సీ 390 మీద ఈ ఖాళీ ఎవరికీ హాని చెయ్యదు. మలుపు దగ్గరికి వందలో వస్తే ఒకటిన్నర సెకనులో దాదాపు 42 మీటర్లు పోతుంది. చిన్న ఇంజిను, వదలగానే తనే కాస్త పట్టుకుంటుంది. అదే మలుపుకి, అదే తిన్నని రోడ్డు చివర, లీటర్ బండి 140లో తెచ్చి దింపుతుంది. అదే ఒకటిన్నర సెకను ఇప్పుడు 58 మీటర్లు. అసలు సంగతి అది కూడా కాదు. బ్రేకులు మింగాల్సిన శక్తి స్పీడు వర్గంతో పెరుగుతుంది కాబట్టి వంద దగ్గర ఉన్నదానికి దాదాపు రెట్టింపు. అంటే బ్రేకు పట్టడానికి మిగిలిన రోడ్డు తగ్గింది, పట్టాల్సిన బ్రేకు రెండింతలయ్యింది. శ్రీశైలం ఘాట్లో ఆ రోడ్డు చివర గోడ ఉంటుంది, లేదా ఆర్టీసీ బస్సు ఉంటుంది.

"మరి నేను నూట నలభైలో ఎందుకు వస్తానన్నా? వందలోనే వస్తాను" అన్నాడు. అందరూ అనే మాట ఇది. 10ఆర్ మొదటి గేర్లోనే నూట యాభై దాటుతుంది. 6ఆర్ మొదటి గేర్లో నూట పది దాటుతుంది. మన హైవేల మీద మోటార్ సైకిల్‌కి చట్టం ఇచ్చిన స్పీడు 80. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ దారి మీదకైతే టూవీలర్లకి అసలు ప్రవేశమే లేదు. చట్టం లెక్కలో చూస్తే రెండు బండ్లూ మొదటి గేరు దాటే పనిలేదు. కానీ ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు చూశాక కుడిచెయ్యి చట్టం లెక్క చూడదు. లీటర్ బండి మీద స్పీడు తెలియదు, అదే దాని గొప్పతనం, అదే దానితో వచ్చిన గొడవ. శబ్దం పెరగదు, వణుకు పెరగదు, మీటరు మాత్రం పెరిగిపోతుంది. 6ఆర్ అయితే అరుస్తుంది. పన్నెండు వేల ఆర్‌పీఎంలో అది చేసే గోల విన్నవాడికి తను ఎంతలో పోతున్నాడో మీటరు చూడకుండానే తెలుస్తుంది.

లాగర్ గీతలు చూపించాక తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "ఈ ఖాళీ తగ్గించొచ్చా?" అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగేవాడికి నేర్పడం నాకు ఇష్టం. తగ్గించొచ్చు అన్నాను. ఆగస్టులో ఊరి బయట ఒక ఖాళీ స్థలంలో మూడు ఆదివారాలు బ్రేకులే ప్రాక్టీసు చేశాం. వేళ్లు లివర్ మీద ఉంచే అలవాటు, యాక్సిలరేటర్ మూస్తూనే బ్రేకు మొదలుపెట్టడం, మొదటి పట్టు మెత్తగా, ముందు ఫోర్కు దిగాక గట్టిగా. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి వందసార్లు.

బెంగళూరు బండి

ఈలోగా ఫోటోలో ఉన్న 10ఆర్ చూడటానికి రాత్రి బస్సులో బెంగళూరు వెళ్లాం. మనసులో పెట్టుకున్న బండిని కళ్లతో చూడకుండా వద్దంటే అది జీవితాంతం వెంటాడుతుంది, అందుకే వెళ్లాం.

దూరం నుంచి బండి పెళ్లికూతురులా ఉంది. దగ్గరికి వెళ్లి మొదట టైరు చూశాను. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడులో 2319 అని ఉంది. 2019లో ఇరవై మూడో వారం. అంటే బండితో వచ్చిన టైర్లే, ఆరేళ్లవి. తొమ్మిది వేలే తిరిగిందన్నది నిజమే కావచ్చు, కానీ రబ్బరు గోరు గుచ్చితే దిగనంత గట్టిపడింది. అలాంటి టైరు మీద 200 పీఎస్ అంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. వెనక టైరు మధ్యలో చదునైపోయింది, అంచులు కొత్తవిలా ఉన్నాయి. ఈ బండి మలుపు ఎరగదు.

తరవాత హ్యాండిల్ పూర్తిగా తిప్పి స్టీరింగ్ స్టాపర్ దగ్గర టార్చి వేశాను. పెయింటు చిట్లి ఉంది. ఎడమ వైపు బార్ ఎండ్ (హ్యాండిల్ చివరి బిళ్ల) కొత్తది, కుడి వైపుది పాతది. ఎడమ ఇంజిన్ కవర్ బోల్టుల మీద స్పానర్ గుర్తులు. బండి పడింది. నిలబెట్టి ఉండగా పడిందో, నడుస్తుండగా పడిందో అమ్మేవాడు చెప్పడు. బ్రేకు ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. చివరి రెండేళ్ల సర్వీసు రికార్డు లేదు.

లెక్క వేశాను: టైర్లు జత, చైన్ స్ప్రాకెట్, ఫోర్కు సీళ్లు, బ్రేకు పని, చిన్నాచితకా కలిపి లక్ష దాటుతుంది. దాని మీద కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్. అక్కడ కట్టినదాంట్లో మిగిలింది వాపసు అడగొచ్చు, తిరిగే ఓపిక ఉంటే. మూడు లక్షలు తక్కువ అన్నది ఎక్కడికి పోయిందో తమ్ముడికి కాగితం మీద చూపించాను. ఆ బండి వదిలేశాడు. కానీ లీటర్ బండి మీద ఆశ వదల్లేదు. "ఇది కాకపోతే ఇంకోటి దొరుకుతుంది." నిజమే, దొరుకుతుంది. ఒక బండి బాలేదంటే ఆ తరగతే బాలేదని కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోవడం నాకు కూడా అవసరమే, ఎందుకంటే బెంగళూరు నుంచి తిరిగొస్తుంటే నాకు లోపల కొంచెం సంతోషంగానే ఉంది.

ఆ సంతోషం ఎందుకో కూడా చెప్పాలి. మూడేళ్ల కిందట ఇంకొకాయన వచ్చాడు. ఆరడుగుల మనిషి, తొంభై ఆరు కిలోలు, పదిహేనేళ్ల అనుభవం. నెలకోసారి ఎన్‌హెచ్ 44 మీద బెంగళూరు వెళ్లి రావడమే పని. అలవాటు ప్రకారం ఆయనకీ మిడిల్‌వెయిటే, అంటే 636 లాంటి మధ్య తరగతి బండే, చెప్పాను. ఎనిమిది నెలల్లో నష్టానికి అమ్మేసి లీటర్ బండి కొన్నాడు, ఇప్పటికీ హాయిగా తిరుగుతున్నాడు. ఆయన లెక్కలో ఘాట్లు లేవు, ట్రాక్ లేదు, గంటల తరబడి తిన్నని రోడ్డు, బరువైన శరీరం. ఆయనకి టార్కే కావాలి. నేను మనిషిని చూడకుండా నా పాత సిద్ధాంతం చెప్పాను. ఆయన మర్యాదస్తుడు, ఇప్పటికీ సర్వీసుకి నా దగ్గరికే వస్తాడు. వచ్చినప్పుడల్లా నాకే మొహం చెల్లదు.

సెప్టెంబరు తొందర

నా ప్లాను ప్రకారం సెప్టెంబరు చివర్లో తమ్ముడిని ట్రాక్‌కి తీసుకెళ్లి, రెండు తరగతుల బండ్లూ ఎక్కించి, లాగర్ చూసి, అప్పుడు మాట చెప్పాలి. ప్లాను అక్కడే చెడింది. సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం వచ్చింది. 350 సీసీ దాటిన బండ్లకి అప్పటిదాకా 28 శాతం మీద 3 శాతం సెస్సు, మొత్తం 31. సెప్టెంబరు 22 నుంచి 40. చిన్న బండ్లకి తగ్గింది, పెద్ద బండ్లకి పెరిగింది. పదకొండున్నర లక్షల ఎక్స్ షోరూమ్ బండి మీద ఆ భారమంతా కొనేవాడి మీద వేస్తే డెబ్భై ఐదు, ఎనభై వేలు తేడా. దాని మీద లైఫ్ టాక్స్ మళ్లీ వేరే.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "అన్నా, ఇరవై రెండులోపు తేల్చెయ్యాలి." సెకండ్ హ్యాండ్ బండ్లకి ఈ మార్పుతో సంబంధం లేకపోయినా అమ్మేవాళ్లు రాత్రికి రాత్రి ధర పెంచేశారు. అప్పటికి అతను మాట్లాడుకుంటున్న రెండో 10ఆర్ కూడా డెబ్భై వేలు పెరిగింది. ఆ సాయంత్రం అతని భార్య కూడా గ్యారేజీకి వచ్చింది. నేను స్టూలు తుడిచి వేశాను. ఆ అమ్మాయి చుట్టూ తిప్పకుండా అడిగింది: "అన్నయ్యా, ఈయనకి ఏ బండి మంచిది అని కాదు. ఏ బండి మీద వెళ్తే నేను ఇంట్లో టెన్షన్ పడకుండా ఉంటాను? అది చెప్పండి."

అలాంటి బండి లేదని చెప్పాను. నిజం అదే. కానీ చేతిలో ఉన్న గీతలు చూసి చెప్పమంటే, ఆగస్టు ప్రాక్టీసు తరవాత కూడా ఆ ఖాళీ ఒక సెకను దగ్గరే ఉంది, ఇది ఇంకో ఏడాది తగ్గాలి, ఆ ఏడాది 636 మీద గడిస్తే బాగుంటుంది అన్నాను. ట్రాక్ పరీక్ష కాకుండా చెప్పడం నాకు ఇష్టం లేదని కూడా చెప్పాను. తొందరలో పన్ను మిగులుతుంది, కానీ పన్ను మిగల్చడానికి తప్పు బండి కొంటే ఆ ఎనభై వేలు తిరిగి అమ్మేటప్పుడు రెట్టింపుగా పోతాయి.

తమ్ముడు మూడు రోజులు కనబడలేదు. నాలుగో రోజు 636 బుక్ చేసిన రసీదు ఫోటో పంపాడు. కింద ఒక్క మాట: "సరే."

ఆ "సరే"లో ఎంత ఇష్టం ఉందో నాకు తెలుసు.

కొన్నాక

మొదటి సర్వీసు అయ్యేదాకా ఫిర్యాదులే. ఆరో గేర్లో లాగట్లేదు, స్ప్రాకెట్ మార్చమన్నాడు. ముందు స్ప్రాకెట్ ఒక పన్ను తగ్గిస్తే లాగుతుంది, నిజమే. కానీ ఒక నెల మామూలుగా కంటే ఒక గేరు కింద నడిపి చూడు, అప్పటికీ కావాలంటే మారుస్తాను అన్నాను. మణికట్లు నొప్పి అన్నాడు. చేతుల మీద వాలుతున్నావు, మోకాళ్లతో ట్యాంకు పట్టుకో అని చూపించాను. కుదుపులు ఎక్కువ అన్నాడు. ఇది మాత్రం అతని తప్పు కాదు. అరవై ఆరు కిలోల మనిషికి సస్పెన్షన్ సెట్ చేయలేదు. కూర్చోబెట్టి కొలిచి, వెనక 33 మిల్లీమీటర్లు, ముందు 36 దిగేలా సెట్ చేసి, డ్యాంపింగ్ కొంచెం వదులు చేశాక స్పీడ్ బ్రేకర్ల మీద తిట్టుకోవడం తగ్గింది. టైరు గాలి కంపెనీ చెప్పినట్టే ముందు 36, వెనక 42. పెట్రోలు 95 ఆక్టేన్‌ది. స్ప్రాకెట్ సంగతి నెల తరవాత మళ్లీ ఎత్తలేదు.

డిసెంబరులో ట్రాక్‌కి వెళ్లాం. ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్ 3.7 కిలోమీటర్లు, 1990 నుంచి నడుస్తున్నది. దక్షిణాదిలో బండి నేర్చుకున్న ప్రతివాడూ అక్కడి మలుపుల్లో ఎక్కడో ఒకచోట పరువు పోగొట్టుకున్నవాడే. సెప్టెంబరులో చెయ్యాల్సిన పరీక్ష అప్పుడు పెట్టాను, ఆలస్యంగానైనా. లాగర్ కట్టి ముందు మూడు సెషన్లు 636 మీద. తరవాత నా దగ్గర నేర్చుకునే ఇంకొకతను తన 10ఆర్ ఇచ్చాడు, ముందు పవర్ తగ్గించే లో మోడ్‌లో, తరవాత ఫుల్‌లో.

636 మీద మూడో సెషన్‌కి ఆ ఖాళీ అర సెకనుకి వచ్చింది. జూలైలో ఒకటిన్నర. మలుపు బయట యాక్సిలరేటర్ మూడొంతులు తెరుస్తున్నాడు, వెనక చక్రం కాస్త కదిలినా మూయట్లేదు.

10ఆర్ లో మోడ్‌లో పెడితే పవర్ దాదాపు అరవై శాతానికి దిగుతుంది. అంటే 120 పైచిలుకు పీఎస్, ఇంచుమించు 636 అంతే. ఖాళీ అర సెకను కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇక్కడ నా వాదనకి నేనే ఎదురు చెప్పుకోవాలి. లీటర్ బండి కొని ఏడాది లో మోడ్‌లో నడిపితే సరిపోదా? లెక్క ప్రకారం చాలావరకు సరిపోతుంది. వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) ఒక 40, 50 మిల్లీమీటర్లు ఎక్కువ, ఇంజిన్లో తిరిగే ముక్కల బరువు ఎక్కువ, అందుకే ఒక వైపు నుంచి ఇంకో వైపుకి వాల్చేటప్పుడు కాస్త బద్ధకం. మిగతాదంతా దగ్గర దగ్గరే. చిక్కు ఒక్కటే. మోడ్ మార్చే బటన్ ఎడమ బొటనవేలి కిందే ఉంటుంది. బండి ఇచ్చిన కుర్రాడినే అడిగాను, లో మోడ్ ఎప్పుడు వాడావని. "కొన్న వారం" అని నవ్వాడు.

ఫుల్ మోడ్‌లో మూడో ల్యాప్ నుంచి గీత మారిపోయింది. స్ట్రెయిట్ మీద 636 కంటే ఎంతో ముందుకి పోయాడు. చివర సీ1 అనే మొదటి మలుపు దగ్గర చెయ్యి ముందే మూసేశాడు. ఖాళీ మళ్లీ సెకనుంపావు. జూలైలో ఆర్‌సీ మీద చూసిన గీతే, కాకపోతే స్పీడు పైన. మలుపు బయట యాక్సిలరేటర్ పావు వంతుకి మించి తెరవలేదు. ల్యాప్ మొత్తం మీద రెండు బండ్లకీ రెండు సెకన్లు కూడా తేడా లేదు. ఎనభై గుర్రాలు స్ట్రెయిట్ మీద సంపాదించినదంతా మలుపుల్లో తిరిగి ఇచ్చేశాడు.

పిట్‌లోకి వచ్చి హెల్మెట్ తీసినప్పుడు మొహం తెల్లబోయి ఉంది, కానీ నవ్వుతున్నాడు. "అన్నా, అది వేరే లోకం." నేను లాగర్ స్క్రీన్ చూపించాను. రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "నాలుగు నెలల ప్రాక్టీసు ఎక్కడికి పోయింది?" అన్నాడు. ఎక్కడికీ పోలేదు, 636 మీద ఉంది అన్నాను.

నేను తప్పు చేసిన చోటు ఇది: ఈ పరీక్ష కొనకముందు జరగాలి. సెప్టెంబరు తొందరలో ఎలాగోలా అద్దెకి ఒక లీటర్ బండి సంపాదించి, ఖాళీ స్థలంలోనైనా అతన్ని ఎక్కించి గీత చూడాల్సింది. నా సలహా సరిపోయింది, కానీ కొన్న రోజున అది ఆధారం కాదు, ఊహ. ఇంకొకరి విషయంలో ఆ ఊహే తప్పిందని పైన రాశాను. అప్పటినుంచి ఏ తరగతి అడిగినా, ముందు ఆ తరగతి బండి మీద లాగర్ చూడకుండా మాట చెప్పట్లేదు. దానికోసం ఒక పాత లీటర్ బండిని గ్యారేజీలో పెట్టుకోవాల్సి వచ్చింది, అది వేరే ఖర్చు.

తిరుగు ప్రయాణంలో నెల్లూరు దగ్గర టీకి ఆగాం. తమ్ముడి ఫోన్ టేబుల్ మీద ఉంది. స్క్రీన్ మీద ఇంకా అదే ఆకుపచ్చ 10ఆర్. నేను చూడటం చూసి ఫోన్ బోర్లా పెట్టాడు. "వచ్చే డిసెంబరులో మళ్లీ ఆ బండి ఎక్కిస్తావా?" అన్నాడు. దాని మీద ఫుల్ మోడ్‌లో కూడా ఖాళీ ముప్పావు సెకనుకి దిగితే అలాంటి బండి నేనే వెతికి పెడతానన్నాను. లాగర్ ఇంకా అతని బండికే ఉంది, తీయమనలేదు.